కరవు నేలలో సాక్ష్యము: చెప్పవలసిన బాధ్యత, అడుగకూడని మూల్యము

ఉపోద్ఘాతము

అనంతపురం ప్రాంతములో పరిచర్య చేసే కాపరికి కరవు అంటే ఏమిటో సంఘపు హాజరు పుస్తకమే చెబుతుంది. వానలు తప్పి వేరుశనగ ఎండిన సంవత్సరము యౌవనస్థులు పనుల కోసము బెంగళూరుకు వెళ్లిపోతారు. మందిరములో ముసలివారు, పిల్లలు మిగులుతారు. అదే సంవత్సరము బియ్యము పంచుతున్నారని తెలిస్తే మందిరము నిండుతుంది. విశ్వాసమును ఇతరులతో పంచుకోవడము క్రైస్తవుని విధి అని మత్తయి 28:19, అపొ. కార్యములు 1:8 మనకు బోధిస్తున్నాయి. అయితే ఆకలితో ఉన్న మనిషి యెదుట ఈ విధిని ఎలా నెరవేర్చాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురైనది కాదు. చాలా ఏళ్ల క్రితము ఒక కరవు వేసవిలో మా మందిరపు ఆవరణలో బియ్యము పంచాము. క్రమము కోసమని నేనే పేర్లు రాసుకున్నాను. మా సంఘస్థుడు కాని ఒక వృద్ధుడు సంచి పట్టుకొని నా ముందుకు వచ్చి, "ఆదివారం నేను గూడా రావల్లనా అయ్యగారూ?" అని అడిగాడు. అక్కరలేదని చెప్పాను. అయినా ఆయన వచ్చి వెనుక కూర్చున్నాడు. నేను సంతోషించి, బియ్యము పంపినవారికి రాసిన నివేదికలో ఆయనను కూడా లెక్కించాను. బియ్యము అయిపోయిన తరువాత ఆయన మళ్లీ రాలేదు. ఆలోచించి చూస్తే, నేను ఆయనకు సువార్త చెప్పనేలేదు. ఆయన పేరున ఒక అప్పు మాత్రము రాసుకున్నాను.

షోమ్రోను ద్వారము దగ్గర

కరవులో సాక్ష్యము గురించి ఆలోచించేవారికి 2 రాజులు 7వ అధ్యాయము మంచి ఆధారము. సిరియనుల ముట్టడి వలన షోమ్రోనులో ఘోరమైన క్షామము. పట్టణ ద్వారము బయట నలుగురు కుష్ఠరోగులు. వారు ప్రాణములకు తెగించి శత్రువుల దండుపేటకు వెళ్తే అక్కడ మనుష్యులు లేరు, ఆహారము సమృద్ధిగా ఉంది. తిన్నారు, త్రాగారు, వెండి బంగారములు దాచుకున్నారు. అప్పుడు వారి మనస్సాక్షి మేల్కొన్నది. శుభవార్త కలిగిన దినమున ఊరకుండడము తప్పు అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు (9వ వచనము).

ఇక్కడ మూడు సంగతులు గమనించాలి. మొదటిది, చెప్పినవారు గొప్పవారు కారు, ఊరు వెలివేసినవారు. రెండవది, వారు చెప్పినది తమకు దొరికిన దానిని గురించే. మూడవది, వారు ఎవరినీ బలవంతపెట్టలేదు. ద్వారపాలకునికి చెప్పి తమ పని ముగించారు. రాజు అనుమానించాడు, గుర్రపు రౌతులను పంపి విచారించాడు, నిజమని తేలిన తరువాతనే జనులు బయలుదేరారు. చెప్పడము సాక్షి విధి. పరీక్షించి చూడడము వినేవాని హక్కు. యోహాను 4:42లో సమరయ స్త్రీ ఊరివారు కూడా ఆమె మాట మీద మాత్రమే ఆధారపడక స్వయముగా విని నమ్మారు.

ధాత కరవు, ఒంగోలు అనుభవము

1876-78 నాటి ధాత కరవు మన ప్రాంతమును తీవ్రముగా దెబ్బతీసింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగము. 1882లో విడి జిల్లా అయ్యింది. ఆ కరవులో సంఘము నేర్చుకున్న ముఖ్యమైన పాఠము మాత్రము కోస్తాలోని ఒంగోలు నుండి వచ్చింది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. అప్పుడు అనేకులు బాప్తిస్మము అడిగారు. సహాయ కార్యము సాగినంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపివేశాడు. కూలి కోసము క్రీస్తును ఒప్పుకొనే పరిస్థితి ఎవరికీ రాకూడదన్నది దాని ఉద్దేశము. సహాయము ముగిసిన తరువాత కూడా ప్రజలు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినము బాప్తిస్మము ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు.

ఈ సంఖ్యను మనము ఉత్సాహముగా చెప్పుకుంటాము. దాని ముందున్న నిరీక్షణను అరుదుగా చెప్పుకుంటాము. ఇంకా వెనుకకు వెళ్తే, ఈ ఉద్యమమునకు పునాది వేసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మము పొందిన ఆయన తన వ్యాపార సంబంధాలు, బంధుత్వములు ఉన్న ఊళ్లలోనే సాక్ష్యమిచ్చాడు. షోమ్రోను ద్వారము బయటివారి వలె ఆయన కూడా ఊరి బయటివాడే.

మౌనము సమాధానమా?

కొందరు సోదరులు, "సేవ చేస్తే చాలదా? మాటలెందుకు?" అంటారు. అనంతపురంలో ఈ ప్రశ్నకు బలముంది. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, 2009లో మరణించే వరకు, బావులు, ఇళ్లు, వైద్యము ద్వారా పేదలకు చేసిన సేవ అందరికీ తెలుసు. సేవ దానంతట అదే మంచిది. దానికి ప్రసంగము తోక కానక్కరలేదు. కాని రొట్టె ఎక్కడ దొరికిందో తెలిసినవాడు అడిగినవానికి కూడా చెప్పకపోతే, అది వినయము కాదు. 1 పేతురు 3:15 మన నిరీక్షణకు హేతువు చెప్పుటకు సిద్ధముగా ఉండమంటుంది. సాత్వికముతో, భయముతో చెప్పమని కూడా అంటుంది. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య గారు, బాప్తిస్మము పొందినవారు తలపై చేయి ఉంచుకొని 1 కొరింథీయులు 9:16లోని పౌలు ఒప్పుకోలును తమదిగా పలికే ఆచారము నెలకొల్పారు. అదే అధ్యాయము 18వ వచనములో పౌలు సువార్తను ఉచితముగా ప్రకటించడమే తన జీతమంటాడు. ఈ రెండు వచనములను విడదీయకూడదు.

చట్టము, మనస్సాక్షి

రాజ్యాంగము 25వ అధికరణము మతమును ప్రచారము చేసే హక్కును గుర్తించింది. 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారము చేసే హక్కులో మరొకరిని మతము మార్చే హక్కు చేరదని చెప్పింది. ఈ తీర్పుపై న్యాయకోవిదుల విమర్శ ఉంది. కాని వేదాంత దృష్టిలో, హృదయమును మార్చడము పరిశుద్ధాత్మ కార్యమని మనము ముందే ఒప్పుకున్నాము.

మరొక సంగతి దాచకూడదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. మన రాష్ట్రములో అతడు బీసీ-సి కిందికి వస్తాడు. కాబట్టి మన ప్రాంతములో చాలామందికి విశ్వాసము లాభము కాదు, నష్టము. ఆ నష్టమును ముందుగా చెప్పకుండా బాప్తిస్మమునకు సిద్ధపరచడము నిజాయితీ కాదు.

ఆచరణలో

కరవు సహాయము మందిరములో కాక, ఊరందరికీ చెందిన స్థలములో జరగాలి. తీసుకున్నవారి పేర్లు సంఘపు లెక్కలలోనికి రాకూడదు. సహాయము సాగుతున్న రోజులలో ఎవరైనా బాప్తిస్మము అడిగితే, ప్రేమతో బోధిస్తూ, మరొక పంట వచ్చే వరకు ఆగమనాలి. సాక్ష్యము కాపరి ఒక్కని పని కారాదు; పొలములో, బస్సులో, వలస కూలీల గుడిసెలలో విశ్వాసులు తమకు దొరికినది తమ మాటలలో చెప్పాలి.

యోహాను 6:26లో ప్రభువు రొట్టెలు తిని తన్ను వెదకినవారి ఉద్దేశమును వారి ముఖము మీదనే చెప్పాడు. అంతకుముందు వారికి రొట్టెలు పెట్టినవాడు కూడా ఆయనే. పెట్టడము మానలేదు, చెప్పడము మానలేదు, రెండింటిని ఒక బేరముగా కలపలేదు. ఆ వృద్ధుడు ఇప్పుడు వచ్చి అదే ప్రశ్న అడిగితే, ముందు ఆయన సంచి నింపుతాను. పేరు రాసుకోను. మరొక దినమున, ఏ సంచీ లేకుండా ఆయన యింటి అరుగు మీద కూర్చుని, ఆయనకు ఇష్టమైతే, నాకు దొరికిన దానిని గురించి చెబుతాను.