వాన లేని రోజు మురుగు పొంగితే

బయట ఎండ కాస్తోంది. నేల కింద మురుగు గొట్టంలో మాత్రం నీటి మట్టం గంటగంటకూ పెరుగుతోంది. ఇంగ్లండ్‌లో మురుగునీటి కంపెనీల కంట్రోల్ రూముల్లో కూర్చున్నవాళ్లకు కుండపోత వానకన్నా ఎక్కువ అనుమానం పుట్టించేది ఇదే. వానకు పొంగితే కారణం తెలిసిందే. వాన లేకుండా పొంగిందంటే దిగువన ఎక్కడో గొట్టం పూడుకుపోయి ఉండాలి, లేదా పంపు ఆగిపోయి ఉండాలి. ఇంకాస్త ఆలస్యమైతే ఆ మురుగు పక్క వాగులో కలుస్తుంది.

వాన పొంగుకూ వాన లేని పొంగుకూ తేడా తెలియకపోతే అక్కడి నదుల్లో మురుగు కలుస్తోందన్న గొడవ అర్థం కాదు. 1858 వేసవిలో థేమ్స్ కంపు పార్లమెంటు భవనాన్ని కమ్మేశాకే లండన్‌కు జోసెఫ్ బాజల్‌జెట్ రూపొందించిన మురుగు కాలువలు వచ్చాయి. వాటిలో ఇళ్ల మురుగూ వాన నీరూ కలిసే పారతాయి. దేశంలోని చాలా పాత ఊళ్లలోనూ అంతే. పెద్ద వానకు గొట్టం పట్టనప్పుడు మురుగు ఇళ్లలోకి ఎగదన్నకుండా, మిగులును నదిలోకి వదిలే తూములు పెట్టారు. ఇవి ఇంగ్లండ్‌లో 14 వేలకు పైనే ఉన్నాయి. భారీ వాన వేళ వీటిని వాడుకోవడానికి అనుమతి ఉంది. 2023 చివరికల్లా అన్నిటికీ మీటర్లు బిగించారు. 2024లో ఇవన్నీ కలిపి 36 లక్షల గంటలకు పైగా పారాయి. అయితే ఆ మీటరు చెప్పేది ఎంతసేపు పారిందన్నదే, ఎంత నీరు పోయిందో చెప్పదు.

నిర్వహణ లోపం వల్ల జరిగే కాలుష్య ఘటనల లెక్క వేరు. ప్రభుత్వ పర్యావరణ సంస్థ వాటిని తీవ్రతను బట్టి నాలుగు తరగతులుగా విడదీస్తుంది. 2023లో అతి తీవ్రమైనవి, తీవ్రమైనవి కలిపి 47 ఉంటే, 2024లో 75 అయ్యాయి.

వీటిని తగ్గించే పని మేన్‌హోల్ మూత కిందే మొదలవుతుంది. అక్కడ వేలాడదీసిన చిన్న సెన్సర్ కిందికి తరంగాన్ని పంపి, అది నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మట్టాన్ని లెక్కగడుతుంది. ప్రతి వీధి మురుగుకూ ఒక దినచర్య ఉంటుంది: జనం లేచి స్నానాలు చేసే పొద్దుటి పూట ఒక పోటు, సాయంత్రం మరొకటి, అర్ధరాత్రి దాటాక సన్నటి ధార. సాఫ్ట్‌వేర్ ఈ తీరును నేర్చుకుని, వాన సమాచారంతో సరిచూస్తుంది. ఒక మేన్‌హోల్‌లో మట్టం మామూలుకన్నా పెరిగి, దాని దిగువ మేన్‌హోల్‌లో తగ్గిందంటే అడ్డు ఆ రెండింటి మధ్యే ఉన్నట్టు. పొంగకముందే జెట్టింగ్ బండి వెళ్లి ఆ గొట్టాన్ని కడిగేస్తుంది.

పంపింగ్ స్టేషన్లలో మరో తంటా. వెట్ వైప్స్ పంపు రెక్కలకు తాడులా చుట్టుకుంటాయి. అవి కాగితంలా నీటిలో విడిపోవు. పంపు ఆగిపోకముందే కొంత సూచన దొరుకుతుంది: లాగే కరెంటు పెరుగుతుంది, అదే సంప్ ఖాళీ చేయడానికి ఎక్కువసేపు తిరుగుతుంది. ఆ సూచన అందగానే కొన్ని చోట్ల పంపును కాసేపు వెనక్కి తిప్పి చిక్కు విడదీస్తారు. ఒకటి మొరాయిస్తే అందుకోవడానికి రెండో పంపు, కరెంటు పోతే జనరేటర్, రెండూ చేతులెత్తేస్తే మురుగు తోడుకుపోయే ట్యాంకర్లు ఉండాలి. పంపును ఒక్కసారిగా ఆపినా ముప్పే. గొట్టంలో ఒత్తిడి తన్నుకొచ్చి, ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు పడతాయి. అందుకే మెల్లగా ఆపే కంట్రోళ్లు అమర్చుతారు.

వీటికి నూనె తోడైతే చెప్పనక్కర్లేదు. వంట కొవ్వులోని ఆమ్లాలు కాల్షియంతో కలిసి గట్టి సబ్బులా మారి గొట్టం గోడకు అంటుకుంటాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద ఇలాంటి కొవ్వు గుట్ట ఒకటి బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దాన్ని తవ్వి తీయడానికి వారాలు పట్టింది. ఒక ముక్కను మ్యూజియంలో ప్రదర్శనకు కూడా పెట్టారు!

2025లో పూర్తిగా వాడకంలోకి వచ్చిన 25 కిలోమీటర్ల థేమ్స్ మురుగు సొరంగం పేరు పేపర్లలో మారుమోగింది. లండన్‌కు అది అవసరమే. కానీ అది పట్టుకునేది వాన పొంగును. పూడిన గొట్టానికీ చెడిన పంపుకూ అది మందు కాదు. వాటికి కావలసింది పేరు రాని రోజువారీ పని, దానికి ఖర్చుపెట్టే బుద్ధి. 1989లో ప్రైవేటు చేతికి వెళ్లిన ఈ కంపెనీల్లో ఆ బుద్ధి అన్నివేళలా కనబడలేదు. 2010–15 మధ్య కావాలనే మురుగును సముద్రతీర జలాల్లోకి వదిలినందుకు సదరన్ వాటర్‌కు 2021లో కోర్టు 9 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అలాంటి చోట ఎన్ని సెన్సర్లు పెట్టినా దండగే. 2025లో వచ్చిన చట్టం కాలుష్య ఘటనలను ఎలా తగ్గిస్తారో కంపెనీలు ఏటా ప్రకటించాలని శాసించింది. ఆలస్యమైనా మంచి పనే.

కొవ్వు రసాయనం లండన్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ఒకటే. వేడినీళ్లు పోస్తే నూనె మన సింకు దాటుతుంది తప్ప మాయమవదు, ముందుకెళ్లి చల్లారి పేరుకుంటుంది. పండక్కి గారెలు, అరిసెలు వేయించగా మిగిలిన నూనెను సింకులో పారబోయకండి. చల్లారాక డబ్బాలో పోసి మూతపెట్టి చెత్తబండికి ఇవ్వండి.