తెరచాప పడవను నేల మీదికి ఎందుకు ఎత్తుతారు?

శ్రీశైలం చుట్టుపక్కల పిల్లలకు పడవ అనగానే అక్కడి జలాశయం గుర్తుకు రావచ్చు. సముద్రపు పడవ సంగతి వేరు. 2017 సెప్టెంబరులో ఆరుగురు నౌకాదళ మహిళలు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద గోవా నుంచి ప్రపంచాన్ని చుట్టడానికి బయల్దేరారు. వారిలో విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య ఉన్నారు. 2018 మేలో తిరిగొచ్చారు. 56 అడుగుల అలాంటి పడవనైనా అప్పుడప్పుడు నీళ్లలోంచి పైకెత్తాల్సిందే.

ఎందుకు? ఉప్పునీటిలో ఉన్న పడవ అడుగుకు ముందు జిగురు పొర పడుతుంది. తర్వాత నాచు, ఆపై బార్నకిల్స్. ఇవి పీతలకూ రొయ్యలకూ చుట్టాలే. చిన్నప్పుడు ఈదుతూ తిరిగి, నచ్చిన చోట తలకిందులుగా అతుక్కుని, చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటాయి. ఇక కదలవు! అడుగు గరుకైతే వేగం తగ్గుతుంది.

ఎలా? కింద కీల్ అనే బరువైన రెక్క ఉంటుంది కాబట్టి పడవ నేల మీద తనంతట తాను నిలవదు. క్రేను పట్టీలతో ఎత్తి, దిమ్మెల మీద కూర్చోబెట్టి, పక్కల ఊతాలు పెడతారు. తడి ఆరకముందే గట్టి నీటిధారతో కడగాలి. ఆరితే గోకలేక చేతులు పడిపోతాయి. చుక్కాని వదులైందేమో చూస్తారు. అరిగిన జింకు బిళ్లలు మారుస్తారు. నాకు ముచ్చటేసేది ఇవే: ఉప్పునీటిలో ముందు తాము కరిగిపోయి, ప్రొపెల్లర్ లోహాన్ని కాపాడతాయి.

చివరికి రాగి కలిసిన రంగు వేస్తారు. రాగి అడుగుకు అతుక్కునే జీవులకు విషం, మిగతా జలచరాలకూ చేటే. అందుకే గోకిన పాత రంగుపొడిని సముద్రంలోకి వదలకూడదు.