స్టాటిక్ ఐపీ పెట్టినా లైనక్స్ కంప్యూటర్ దొరకట్లేదా? చెరువు మకాంలో జరిగిన కథతో సహా

ఈ ఎపిసోడ్ మన గణపవరం, నిడమర్రు, ఉంగుటూరు వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న మీద. "అన్నా, లైనక్స్‌లో స్టాటిక్ ఐపీ పెట్టాను, నిన్నటిదాకా బానే ఉంది, ఇవాళ ఫోన్‌లో కెమెరా ఓపెన్ అవ్వట్లేదు." ఇదే మాట రకరకాలుగా అడుగుతుంటారు.

వేరే ఊళ్ళలో అయితే ఇది కంప్యూటర్ సమస్య. మన దగ్గర దీని వెనకాల చేపలున్నాయి. చెరువు గట్టు మీద మకాంలో ఒక పాత కంప్యూటర్, దాంట్లో లైనక్స్, జోన్‌మైండర్ లాంటి కెమెరా సాఫ్ట్‌వేర్, పక్కన ఒక రౌటర్. చాలా చోట్ల సెటప్ ఇంతే. ఇది ఎందుకు కావాలో చెరువున్న ఇంట్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పగలు ఎండకి నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రయితే తయారు చెయ్యదు సరికదా, అదీ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో ఏరియేటర్ ఆగిపోతే శీలావతులు, బొచ్చెలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. మూడు గంటలకి లేచి ఫోన్‌లో "తిరుగుతోందా లేదా" అని చూసుకోవడానికే ఈ కెమెరా. ఆ టైములో "సైట్ కాంట్ బి రీచ్డ్" అని వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ముందు అడ్రస్ అంటే ఏంటో ఒక్క నిమిషం. గణపవరం అంటే మనకి మన గణపవరమే. కానీ చిలకలూరిపేట పక్కన నాదెండ్ల మండలంలో కూడా ఒక గణపవరం ఉంది. ఉత్తరం మీద ఒట్టి "గణపవరం" అని రాస్తే ఊళ్ళో ఉన్నవాడికి అర్థమవుతుంది, బయటివాడికి అర్థం కాదు. 192.168.1.50 లాంటి అడ్రస్‌లు కూడా అంతే. 192.168 తోటి, 10 తోటి, 172.16 నుంచి 172.31 వరకు మొదలయ్యే అడ్రస్‌లని 1996లోనే ప్రైవేట్ వాడకానికి పక్కన పెట్టేశారు. మీ ఇంట్లో 192.168.1.50 ఉంటుంది, ఎదురింట్లోనూ ఉంటుంది. ఎవరి గోడల మధ్య వాళ్ళదే. ఆ గోడల మధ్య మాత్రం ఒక అడ్రస్‌లో ఒక్కళ్ళే ఉండాలి.

మామూలుగా ఈ అడ్రస్‌లు పంచేది రౌటర్. దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. కరెంటు పోయి వచ్చి రౌటర్ మళ్ళీ ఆన్ అయితే, నిన్న ఇచ్చిన నంబరే ఇవాళ ఇస్తుందని గ్యారంటీ లేదు. ఫోన్‌లో సేవ్ చేసుకున్న లింకు మాత్రం పాత నంబర్ దగ్గరే ఉంటుంది. అందుకని కంప్యూటర్‌కి మనమే ఒక నంబర్ ఫిక్స్ చేస్తాం. అదే స్టాటిక్ అడ్రస్. ఇక్కడ చాలామంది వదిలేసే పాయింట్ ఒకటుంది: మీరు కంప్యూటర్‌లో ఫిక్స్ చేశారు సరే, ఆ సంగతి రౌటర్‌కి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. సగం సమస్యలు ఇక్కడే పుడతాయండి.

ఇప్పుడు చెకింగ్. మొదటి చెక్‌కి లైనక్స్ అక్కర్లేదు, మీ చేతిలో ఫోన్ చాలు. మకాం వైఫైకి కనెక్ట్ అయ్యి, సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి వివరాలు చూడండి. ఐపీ అడ్రస్, గేట్‌వే కనిపిస్తాయి. గేట్‌వే అంటే రౌటర్ అడ్రస్, బయటికెళ్ళే గుమ్మం అనుకోండి. అక్కడ 192.168.1.1 ఉండి మీ కంప్యూటర్ స్టాటిక్ 192.168.1 తోనే మొదలైతే ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నట్టు. ఫోన్‌లో 192.168.29.1 అని ఉండి కంప్యూటర్ ఇంకా 192.168.1.50 లోనే కూర్చుంటే, మీ సమస్య దొరికేసింది. ఎవరో రౌటర్ మార్చారు. ఒక్కో కంపెనీ రౌటర్ ఒక్కో వరస వాడుతుంది. కనెక్షన్ మార్చిన రోజున ఫోన్లన్నీ కొత్త వరసకి వాటంతట అవే మారిపోతాయి. స్టాటిక్ పెట్టిన కంప్యూటర్ ఒక్కటే పాత వీధిలో ఉండిపోతుంది. దాంట్లో తప్పేం లేదు, మారొద్దని చెప్పింది మనమే కదా.

ఫోన్‌లో అంతా సరిగ్గా ఉంటే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళండి. టెర్మినల్ తెరిచి, ఐపీ అని చిన్న అక్షరాల్లో కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఏ అని కొట్టి ఎంటర్ నొక్కండి. వీడియోలో స్క్రీన్ మీద చూపించాను. వచ్చిన దాంట్లో చూడాల్సినవి మూడు.

ఒకటి, మీ నెట్‌వర్క్ కార్డు పేరు. పాత వీడియోలన్నీ ఈటీహెచ్ జీరో అంటాయి. ఇప్పుడు చాలా కంప్యూటర్లలో ఆ పేరు ఉండదు, కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్ని బట్టి ఈఎన్‌పీ అని మొదలయ్యే పేరు వస్తుంది. కార్డు ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కి మారిస్తే పేరు కూడా మారిపోవచ్చు. అప్పుడు మీ సెట్టింగ్ లేని కార్డు కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.

రెండోది, అడ్రస్ చివర గీత పక్కన 24 ఉందా లేదా. మన ఇళ్ళ రౌటర్లలో దాదాపు ఎప్పుడూ 24 ఉంటుంది. "నా వీధిలో ఇన్ని ఇళ్ళున్నాయి" అని చెప్పే అంకె అది. ఎన్ఎంసీఎల్ఐ కమాండ్‌తో అడ్రస్ పెడుతూ ఈ 24 మర్చిపోతే, అది 32 అనేసుకుంటుంది. అంటే వీధి మొత్తానికి మా ఇల్లు ఒక్కటే అని. పక్కనున్న కెమెరాని కూడా పలకరించదు.

మూడోది, రెండు అడ్రస్‌లు కనిపిస్తున్నాయా. స్టాటిక్ రాసి, మెథడ్‌ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చకపోతే ఇదే జరుగుతుంది. మీరిచ్చినది ఒకటి, రౌటర్ ఇచ్చినది ఒకటి.

తర్వాత పింగ్. ముందు గేట్‌వేని పింగ్ చెయ్యండి. జవాబు రాకపోతే కేబుల్, కార్డు, అడ్రస్, వీటిల్లోనే ఏదో ఉంది, ఇంక ముందుకెళ్ళకండి. వస్తే 8.8.8.8 ని పింగ్ చెయ్యండి. గేట్‌వే పలికి ఇది పలకకపోతే, బయటి లైను పోయి ఉండాలి, లేదా కంప్యూటర్‌లో గేట్‌వే రాయడం మర్చిపోయి ఉండాలి. ఐపీ, స్పేస్, ఆర్ అని కొడితే డిఫాల్ట్ అనే లైను కనబడాలి. 8.8.8.8 పలుకుతుంది గానీ వెబ్‌సైట్ పేరు కొడితే రావట్లేదంటే అది డీఎన్ఎస్. స్టాటిక్ పెట్టినప్పుడు డీఎన్ఎస్ కూడా మనమే రాయాలి, రౌటర్ తెచ్చి ఇవ్వదు.

ఇప్పుడు కథకి వద్దాం. ఈ సమస్యల్లో నన్ను బాగా తిప్పింది ఇదే. మా బాబాయి వాళ్ళ చెరువు నిడమర్రు వైపు ఉంది. ఆ మకాంలో కంప్యూటర్ బిగించిన వ్యక్తి 192.168.1.105 అని స్టాటిక్ పెట్టి వెళ్ళాడు. వారం, పది రోజులు బ్రహ్మాండంగా నడిచేది. పట్టుబడి రోజు రాగానే కెమెరా మాయం. వలలు లాగడానికి జనం వస్తారు, లారీ వస్తుంది, ఐసు వస్తుంది, ఆ గొడవలో కంప్యూటర్ సంగతి ఎవరికీ పట్టదు. రెండ్రోజులకి దానంతట అదే బాగైపోయేది. బాబాయి "ఐసు లారీ వస్తే దీనికి పడట్లేదురా" అనేవారు. నవ్వకండి, ఆయన చెప్పింది దాదాపు కరెక్టే.

ఆ రౌటర్ ఫోన్లకి పంచే నంబర్లు 100 నుంచి 200 వరకు. మన 105 సరిగ్గా దాని మధ్యలో ఉంది. రౌటర్‌కి చిన్న బ్యాటరీ ఉంది, కంప్యూటర్‌కి లేదు. కరెంటు పోగానే కంప్యూటర్ ఆగిపోతుంది, రౌటర్ బతికే ఉంటుంది. పట్టుబడికి వచ్చినవాళ్ళ ఫోన్లు వైఫైకి తగులుకుంటాయి. 105 ఖాళీగా ఉందనుకుని రౌటర్ ఎవరో ఒకరి ఫోన్‌కి ఇచ్చేస్తుంది. కరెంటు వచ్చాక కంప్యూటర్ లేచి "105 నాదే" అని కూర్చుంటుంది. ఒకే ఇంటి నంబర్‌తో ఇద్దరు. బాబాయి ఫోన్ నుంచి వెళ్ళిన కబురు ఒకసారి కంప్యూటర్‌కి, ఒకసారి ఆ కుర్రాడి ఫోన్‌కి చేరుతుంది. ఆ కుర్రాడికి నెట్ రాదు, మనకి కెమెరా రాదు. అతను ఇంటికి వెళ్ళిపోగానే అంతా క్లియర్.

పట్టుకోవడం చాలా ఈజీ. కంప్యూటర్ ఆపేసి, లాన్ కేబుల్ కూడా పీకేసి, వేరే ల్యాప్‌టాప్ నుంచి ఆ అడ్రస్‌నే పింగ్ చెయ్యండి. ఆగిపోయిన కంప్యూటర్ జవాబు ఇవ్వదు కదా. జవాబు వచ్చిందంటే ఆ ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టే. అక్కడ జవాబు వచ్చింది.

పరిష్కారాలు రెండున్నాయి. రౌటర్ పంచే వరసకి బయట ఉన్న నంబర్ తీసుకోవడం, ఇక్కడయితే 192.168.1.20 లాంటిది. లేదా కంప్యూటర్‌లో స్టాటిక్ తీసేసి, రౌటర్ పేజీలో "ఈ మ్యాక్ అడ్రస్ ఉన్నవాడికి ఎప్పుడూ ఈ నంబరే ఇవ్వు" అని రాయించడం. దీన్ని రిజర్వేషన్ అంటారు. ఇళ్ళకి నేను రెండోదే మంచిదంటాను, ఎందుకంటే అప్పుడు లెక్క మొత్తం ఒక్కడి దగ్గరే ఉంటుంది. కానీ రౌటర్ మారిస్తే ఆ రాత కూడా దాంతోనే పోతుంది. బాబాయికి 20 నంబరే పెట్టాం. రౌటర్ పేజీ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు లెండి.

ఇంకో పెద్ద తలనొప్పి పాత వీడియోలు. లైనక్స్‌లో నెట్‌వర్క్ చూసుకునే మేనేజర్ అన్ని చోట్లా ఒకడు కాదు. ఉబుంటు 2017లో వచ్చిన 17.10 నుంచి నెట్‌ప్లాన్‌కి మారింది. అంతకుముందు ఇంటర్‌ఫేసెస్ అనే ఫైల్‌లో రాసేవాళ్ళు. ఇప్పుడు మామూలు ఉబుంటులో ఆ ఫైల్‌లో రాస్తే చదివేవాడే ఉండడు. డెబియన్ సర్వర్‌లో మాత్రం ఇంకా చదువుతారు. రాస్ప్‌బెరీ పై వాడేవాళ్ళకి ఇంకో మార్పు. 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వర్మ్ వెర్షన్ నుంచి అది నెట్‌వర్క్‌మేనేజర్ వాడుతోంది. అంతకుముందు వీడియోలన్నీ డీహెచ్‌సీపీసీడీ ఫైల్‌లో రాయమంటాయి. రాస్తారు, రీస్టార్ట్ చేస్తారు, ఏమీ మారదు, ఎర్రర్ కూడా రాదు. కాబట్టి వీడియో తేదీ చూసి, మీ సిస్టమ్ వెర్షన్ చూసి అప్పుడు మొదలెట్టండి. ఈ వీడియోకీ అదే రూలు.

నెట్‌ప్లాన్ ఫైల్‌లో ట్యాబ్ కీ వాడకూడదు, స్పేస్‌లే వాడాలి. ఒక్క ట్యాబ్ పడినా ఫైల్ మొత్తం ఒప్పుకోదు. పాత వీడియోల్లో కనిపించే గేట్‌వే4 అనే పదం ఇప్పుడు పాతబడిపోయింది, దాని బదులు రూట్స్ అని రాసి డిఫాల్ట్ ఇవ్వాలి. ఫైల్ పేరులో క్లౌడ్ ఇనిట్ అని ఉంటే, మీరు దాంట్లో రాసినది తర్వాత చెరిగిపోవచ్చు. వేరే ఫైల్ పెట్టుకోండి.

ఇదంతా మకాం వైఫై లోపలి సంగతి. గణపవరంలో ఇంట్లో మంచం మీద నుంచి చెరువు కెమెరా చూడాలంటే అది వేరే లెక్క. "స్టాటిక్ ఐపీ పెట్టాం కదా, ఇంటి నుంచి ఎందుకు రాదు?" అంటారు. కంపెనీవాళ్ళు నెలకింత అని అమ్మే స్టాటిక్ ఐపీ బయటి ప్రపంచానికి కనిపించే అడ్రస్. మనం పెట్టుకున్నది గోడల లోపలిది. ఇద్దరికీ పేరు ఒకటే, అంతే. బయటి అడ్రస్‌లకి కరువుంది. మన ఆసియా పసిఫిక్‌కి పంచే సంస్థ దగ్గర మామూలు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. అందుకే చాలా కంపెనీలు వందల ఇళ్ళని ఒకే బయటి అడ్రస్ వెనకాల పెడతాయి. రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరూ ఆ గుంపులోనే ఉన్నారు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు చేసినా బయటి నుంచి కాల్ లోపలికి రాదు. వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటిది కంప్యూటర్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి వేసుకుంటే పనైపోతుంది. అది కూడా 100 తో మొదలయ్యే నంబరే ఇస్తుంది, చూసి కంగారు పడకండి.

ఒకవేళ ఇంట్లో కూర్చుని అలా దూరం నుంచే అడ్రస్ మారుస్తుంటే, నెట్‌ప్లాన్ అప్లై కొట్టకండి, నెట్‌ప్లాన్ ట్రై కొట్టండి. కొత్త సెట్టింగ్ పని చేసి మీరు ఎంటర్ నొక్కితే ఉంచుతుంది. లైను తెగిపోయి మీరు నొక్కలేకపోతే 120 సెకన్లలో పాత సెట్టింగ్‌కి వెనక్కి వచ్చేస్తుంది. లేదంటే అర్ధరాత్రి బండి తీసి గట్టు మీదకి పోవాలి. ఆ పని కూడా మధ్యాహ్నం పెట్టుకోండి, ఏరియేటర్లతో పనిలేని టైములో. ఉంటానండి మరి.