ఎకరానికి వెయ్యి మంది: ధారావి నేర్పే జనాభా లెక్క

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (భూగోళశాస్త్రం)

ఒక చదరపు కిలోమీటరు విస్తీర్ణంలో నివసించే ప్రజల సంఖ్యను జనసాంద్రత అంటారు. హైస్కూలు సాంఘికశాస్త్రంలో ఈ వాక్యాన్ని మనమందరం బట్టీ పట్టినవాళ్ళమే. పరీక్షలో రెండు మార్కులు వచ్చేవి, అక్కడితో ఆ సంగతి మరిచిపోయేవాళ్ళం. ఆ రెండు మార్కుల జవాబు వెనుక ఇంటి అద్దెలు, రైలు స్టేషన్లు, మరుగుదొడ్లు, ఓటరు జాబితాలు ఇన్ని ఉన్నాయని నాకు పీజీలో జనాభా భూగోళశాస్త్రం పేపరు చదివేటప్పుడు తెలిసింది. మన వసతిగృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఈ విషయమే తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో పంచుకోవాలనిపించింది. ఉదాహరణకు ముంబైలోని ధారావిని తీసుకున్నాను. పాలమూరు పిల్లలకు ముంబై దూరపు ఊరేమీ కాదు. మనలో చాలామంది ఇళ్ళలో నాయనో, చిన్నాయనో, మేనమామో ఎవరో ఒకరు బొంబాయి బస్సు ఎక్కినవారే.

ధారావి విస్తీర్ణం సుమారు 240 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 600 ఎకరాలు. ఒక మోస్తరు గ్రామ శివారు అంత కూడా ఉండదు. అక్కడ ఎంతమంది ఉంటారనే దానిపై ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. తక్కువ చెప్పేవారు 6 లక్షలంటారు, ఎక్కువ చెప్పేవారు 10 లక్షలు దాటిందంటారు. మనం తక్కువ అంకెనే తీసుకుందాం. 6 లక్షలను 600 తో భాగిస్తే ఎకరానికి వెయ్యి మంది. చదరపు కిలోమీటరుకు రెండున్నర లక్షలు. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లా జనసాంద్రత 18 వేల పైచిలుకు, ముంబై నగర జిల్లాది సుమారు 20 వేలు. మన ఊళ్ళో వెయ్యి గడప కాదు, వెయ్యి మంది జనాభా ఉన్న ఒక తండాను, దాని దారులతో, అంగళ్ళతో, గుడితో సహా ఒకే ఎకరంలో సర్దినట్టు ఊహించుకోండి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, మనవాళ్ళకు బాగా అర్థమవుతుంది. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న హాస్టల్ హాలులో 40 మంది పిల్లలు ట్రంకు పెట్టెలు పెట్టుకుని పడుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది 15 చదరపు అడుగులు. ధారావిలో 10 అడుగులకు 15 అడుగుల గదిలో ఆరుగురు ఉంటే ఒక్కొక్కరికి 25 చదరపు అడుగులు. అంటే హాస్టల్ హాలే ఇరుకు! మరి ప్రపంచమంతా ధారావి గురించే ఎందుకు మాట్లాడుతుంది? ఎందుకంటే హాస్టల్లో తెల్లవారగానే పెట్టె మూసి బయటికి వస్తాం. వరండా ఉంది, గ్రౌండు ఉంది, వేపచెట్టు ఉంది, బడి ఉంది. ధారావిలో ఆ గదే వంటిల్లు, అదే స్నానాల మూల, చాలా ఇళ్ళలో అదే కార్ఖానా. తలుపు తీస్తే నాలుగడుగుల గల్లీ. కాబట్టి సాంద్రతను కొలిచేటప్పుడు గదిలో ఎంతమంది అన్నది ఒక లెక్క, గది బయట ఎంత జాగా ఉంది అన్నది ఇంకొక లెక్క. పాఠ్యపుస్తకం ఈ రెండింటినీ కలిపేసి ఒకే అంకె ఇస్తుంది.

ఇంతమంది అక్కడికి ఎలా చేరారు? ధారావి మొదట మాహిం క్రీక్ ఒడ్డున కోలీలనే జాలరుల పల్లె. చుట్టూ చిత్తడి నేల, మడ అడవి. నగరం పెరుగుతున్న కొద్దీ వాసన వచ్చే పనులను, పొగ వచ్చే పనులను ఊరి చివరికి తరిమారు. అలా తోళ్ళు ఊనే పని ధారావికి వచ్చింది, ఆ పనికి తమిళనాడు నుంచి కార్మికులు వచ్చారు. సౌరాష్ట్ర నుంచి వచ్చిన కుమ్మరులు దక్షిణ ముంబై నుంచి జరిగి జరిగి ఇక్కడ కుంభార్‌వాడలో ఆవాలు పెట్టుకున్నారు. ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి బట్టల మీద కుట్టుపని చేసేవారు వచ్చారు. ఊరి చివర ఎవరిని ఉంచుతారో మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. విచిత్రమేమిటంటే నగరం ఉత్తరానికి పెరిగి పెరిగి ఆ ఊరి చివరే ఊరి నడిబొడ్డు అయింది. ఇప్పుడు ధారావికి ఒక పక్క పశ్చిమ రైల్వే మాహిం స్టేషను, మరో పక్క సెంట్రల్ రైల్వే సయాన్ స్టేషను. మిఠీ నది అవతల బాంద్రా–కుర్లా కాంప్లెక్స్, దేశంలోకెల్లా ఖరీదైన ఆఫీసులు ఉన్న చోటు. 

మన తెలుగువాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ముంబైలోని కామాటిపురాకు ఆ పేరు తెలుగు నేల నుంచి వెళ్ళి రోడ్లు, భవనాలు కట్టిన కామాటీ కూలీల వల్ల వచ్చింది. కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు బట్టల మిల్లుల్లో చేరి వర్లీ, ప్రభాదేవి చాళ్ళలో స్థిరపడ్డారు. పాలమూరు నుంచి పోయినవారికి ఎక్కువగా దొరికింది భవన నిర్మాణం పని, మట్టి పని.

ఇప్పుడు ఇల్లు ఎలా పెరుగుతుందో చూద్దాం. మొదట వచ్చినవాడు రేకులతో ఒక ఖోలీ వేసుకుంటాడు. నాలుగు రూకలు మిగిలితే ఇటుక గోడ లేపుతాడు. కొడుకు పెళ్ళీడుకు వచ్చేసరికి పైన ఒక మాళా వేస్తాడు, ఎక్కడానికి బయట నిలువుగా ఒక ఇనుప నిచ్చెన. కొడుకు వేరే పోతే ఆ మాళాను కొత్తగా ఊరి నుంచి వచ్చినవాడికి అద్దెకు ఇస్తాడు. కింద ఉన్నవాడి ఇల్లు గడవడానికి ఆ అద్దె ఆధారం. పైన ఉన్నవాడికి పని దగ్గర తలదాచుకునే చోటు. ఏ ప్రభుత్వమూ ఇళ్ళు కట్టివ్వకపోయినా నగరానికి కావలసిన చవక అద్దె ఇళ్ళను ఈ పద్ధతే సరఫరా చేసింది. దీన్ని ఆక్రమణ అని ఒక్క మాటతో తీసిపారేసేవారు ఈ సంగతి ఆలోచించరని నా అభిప్రాయం. 

అయితే దీనికి చెల్లించే ధర తక్కువేమీ కాదు. కింది గదికి వెలుతురు రాదు. మరుగుదొడ్డి చాలామందికి ఇంట్లో లేదు, వరుసలో నిలబడాలి. 2020 ఏప్రిల్ 1న ధారావిలో మొదటి కరోనా కేసు బయటపడినప్పుడు దేశమంతా భయపడింది అందుకే. ఇంట్లోనే ఉండండి, దూరం పాటించండి అన్న సలహా 150 చదరపు అడుగుల గదికి వర్తించదు. అప్పుడు అధికారులు, స్థానిక డాక్టర్లు గల్లీ గల్లీ తిరిగి జ్వరం ఉన్నవారిని గుర్తించారు. బడులను, ఫంక్షన్ హాళ్ళను క్వారంటైన్ కేంద్రాలుగా మార్చారు. ఆ జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ కృషిని మెచ్చుకుంది.

ఇక నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన అంకెలు చెబుతాను. ముంబై నగర జిల్లా జనాభా 2001లో 33.38 లక్షలు. 2011లో 30.85 లక్షలు. పెరగలేదు, రెండున్నర లక్షలు తగ్గింది! ధారావి ఉన్నది ఈ జిల్లాలోనే. అదే పదేళ్ళలో పక్కనున్న థానే జిల్లా 81 లక్షల నుంచి 110 లక్షలకు పెరిగింది. మన దగ్గర కూడా ఇదే కథ. హైదరాబాదు జిల్లా 2001లో 38.30 లక్షలు, 2011లో 39.43 లక్షలు, పదేళ్ళలో పెరుగుదల 3 శాతం మాత్రమే. అప్పటి రంగారెడ్డి జిల్లా 35.75 లక్షల నుంచి 52.97 లక్షలకు పోయింది, 48 శాతం. కూకట్‌పల్లి, ఎల్.బి.నగర్ అప్పుడు రంగారెడ్డిలోవే.

నగరం నడిమధ్య జనం ఎందుకు తగ్గుతారు? అక్కడ కట్టేవన్నీ ఎత్తైన అపార్టుమెంట్లే కదా, జనం పెరగాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. జవాబు ఇంటి సైజులో ఉంది. వంద చదరపు అడుగుల పది గదుల్లో యాభై మంది ఉన్న చోట, వెయ్యి చదరపు అడుగుల ఒక ఫ్లాటు కడితే అందులో నలుగురే ఉంటారు. నాలుగైదు అంతస్తులు లేపినంత మాత్రాన ఆ యాభై మందీ అందులో ఇమడరు. దానికి తోడు 1982 సమ్మె తర్వాత ముంబై బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లు పక్క చాల్‌లో ఉండవలసిన అవసరం పోయింది, తర్వాతి తరం కొంచెం పెద్ద గది కోసం విరార్, నాలాసోపారా, కల్యాణ్ వైపు జరిగింది. రోజూ లోకల్ రైల్లో గంటన్నర ప్రయాణం ఆ పెద్ద గదికి కట్టే అదనపు అద్దె అనుకోవాలి.

ఇంకొక సంగతి కుటుంబం సైజు. వంద మంది జనాభాలో ఇంటికి ఐదుగురైతే 20 ఇళ్ళు చాలు. ఇంటికి నలుగురైతే 25 ఇళ్ళు కావాలి. అంటే ఒక్క మనిషి కూడా పెరగకుండానే ఐదు ఇళ్ళ కొరత వచ్చింది. పిల్లలు తగ్గారు కాబట్టి ఇళ్ళ సమస్య తీరుతుందని కొందరు ఉపన్యాసాల్లో అంటుంటారు. లెక్క తలకిందులుగా ఉంది.

ప్రభుత్వాలు ఏం చేశాయి? 1971లో మహారాష్ట్ర మురికివాడల చట్టం చేసింది. 1976లో గుడిసెలను లెక్కించి ఫోటో పాసులు ఇచ్చారు. 1985లో ప్రధాని రాజీవ్ గాంధీ ముంబైకి 100 కోట్లు ప్రకటించారు, అందులో కొంత ధారావికి వచ్చింది. 1995లో స్లమ్ రిహాబిలిటేషన్ అథారిటీ ఏర్పడింది. దాని పద్ధతి ఇలా ఉంటుంది: బిల్డరు బస్తీవాళ్ళకు ఉచితంగా ఫ్లాట్లు కట్టిస్తాడు, దానికి బదులు అదనంగా కట్టుకునే హక్కు తీసుకుని ఆ ఇళ్ళు మార్కెట్లో అమ్ముకుంటాడు. మొదట్లో ఉచిత ఇల్లు 225 చదరపు అడుగులు, తర్వాత 269, ఆ తర్వాత 300 అయింది. ధారావి మొత్తాన్ని ఒకేసారి తిరిగి కట్టాలన్న పథకం 2004 నుంచి టెండర్లు పిలవడం, రద్దు చేయడంతోనే గడిచింది. చివరికి 2022 నవంబరులో అదానీ సంస్థ 5,069 కోట్ల బిడ్‌తో దక్కించుకుంది. 2024 మార్చిలో ఇంటింటి సర్వే మొదలైంది. అర్హులకు 350 చదరపు అడుగుల ఫ్లాటు ఇస్తామన్నారు.

అసలు చిక్కు 'అర్హులు' అన్న మాట దగ్గర ఉంది. 2000 జనవరి 1కి ముందు నుంచి కింది అంతస్తులో ఉన్నట్టు రుజువు చూపితే ధారావిలోనే ఉచితంగా ఇల్లు. 2000 నుంచి 2011 మధ్య వచ్చినవారైతే రెండున్నర లక్షలు కట్టి ధారావి బయట 300 చదరపు అడుగులు. పై అంతస్తులో ఉన్నవారికి, 2022 నవంబరు 15కు ముందు నుంచి ఉన్నట్టు చూపితే, బయట ఎక్కడో అద్దె కడుతూ కొనుక్కునే పద్ధతి. బయట అంటే ప్రభుత్వం చూపినవి దేవనార్ చెత్త డంపింగ్ స్థలం, కుర్లా డెయిరీ భూమి, ములుండ్ వైపు ఉప్పు మడులు. మాళా ఎక్కడానికి నిచ్చెన ఉన్నంత మాత్రాన మనిషి మారడు. కాని నిచ్చెన కింద ఉన్నాడా పైన ఉన్నాడా అన్నదాన్ని బట్టి అతని పిల్లలు ఏ బడికి పోవాలో నిర్ణయమవుతుంది.

రుజువు అంటే ముఖ్యంగా పాత ఓటరు జాబితాలో పేరు. ఇది మనవాళ్ళకు సూటిగా తగులుతుంది. మా చిన్నాయన ముంబైలో ఒక బస్తీలో పద్నాలుగేళ్ళు అద్దెకు ఉన్నాడు. ఓటు మాత్రం ఊళ్ళోనే. ఎన్నికలప్పుడు బస్సు మాట్లాడుకుని అందరూ కలిసి వచ్చి వేసి పోయేవారు, ఊరితో సంబంధం తెగకూడదని. రేషన్ కార్డూ ఇక్కడే. అలాంటి మనిషి ముంబై కాగితాల్లో ఎక్కడా కనపడడు. కులం సర్టిఫికెట్ కోసం, నేటివిటీ కోసం మనం తిరిగిన తిరుగుడు గుర్తు చేసుకుంటే కాగితం బలం ఎంతో తెలుస్తుంది.

కాగితం ఉంటే ఏమవుతుందో కూడా చూడండి. వర్లీలో బ్రిటిష్ కాలంలో, 1920లలో కట్టిన బి.డి.డి. చాళ్ళున్నాయి. గది 160 చదరపు అడుగులు. అక్కడివాళ్ళు ప్రభుత్వ కిరాయిదారులు, చేతిలో రసీదులున్నాయి. వారికి అదే స్థలంలో 500 చదరపు అడుగుల ఫ్లాట్లు కట్టారు. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. 

ఫ్లాటు వచ్చినంత మాత్రాన అన్నీ బాగుపడతాయని కూడా అనుకోవద్దు. గోవండి ప్రాంతంలోని లల్లూభాయ్ కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్‌లలో బస్తీవాళ్ళకు కట్టిన భవనాల మధ్య దూరం కేవలం మూడు మీటర్లు. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎండా గాలీ చొరని కింది అంతస్తుల వారిలో క్షయవ్యాధి ఎక్కువగా కనిపించింది. అడ్డంగా ఉన్న ఇరుకును నిలువుగా పేర్చారంతే. పైగా పన్నెండో అంతస్తులో కుమ్మరి ఆవం పెట్టలేడు, అప్పడాలు ఎండబెట్టే ఆడవాళ్ళకు ఎండ దొరకదు, లిఫ్టు ఖర్చు నెలనెలా కట్టాలి. 

2021లో జరగవలసిన జనాభా లెక్కలు కోవిడ్ వల్ల ఆగిపోయాయి. 2025 జూన్‌లో వచ్చిన ప్రకటన ప్రకారం కొత్త లెక్కలకు ఆధార తేదీ 2027 మార్చి 1. జనాభా లెక్కలవాళ్ళు ఓటు ఎక్కడుందని, ఎప్పుడొచ్చావని చూసి మనిషిని వదిలేయరు. మాళాలో ఉన్నవాడినీ రాసుకుంటారు. పీజీ చేయదలచిన తమ్ముళ్ళు ఆ పట్టికలు వచ్చినప్పుడు మొత్తం జనాభా కంటే ముందు ఇంటికి గదులెన్ని, గదికి మనుషులెందరు అన్న పట్టిక తీసి చూడండి. 2011 నాటివి జనాభా లెక్కల వెబ్‌సైటులో ఉచితంగానే ఉన్నాయి. ఎలా చదవాలో తెలియకపోతే పూర్వ విద్యార్థుల సమావేశం రోజున నన్ను కలవండి, ల్యాప్‌టాప్ తెస్తాను.