పులిపిరికి సున్నం పెట్టకండి

మెడ, చంకలు, కనురెప్పల మీద కాడతో వేలాడే మెత్తని కండను కూడా మనం పులిపిరి అనే అంటాము. గరుకుగా ఉండే అసలు పులిపిర్లు వైరస్ వల్ల వచ్చి అంటుకుంటాయి. ఇవి అంటుకోవు, క్యాన్సరూ కావు. గొలుసుకు ఒరుసుకొని బాధపెడితే తీయించుకోవచ్చు.

వెంట్రుకతో కట్టడం, సున్నం, బట్టల సోడా కలిపి పూయడం, బ్లేడుతో కోయడం వద్దు. చర్మం కాలి పుండు పడుతుంది, చీము పడుతుంది. షుగరు ఉన్నవారికి అది త్వరగా మానదు.

చర్మ వైద్యులు మొద్దుబారే మందు ఇచ్చి కత్తెరతోగానీ కరెంటు సూదితోగానీ కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. మేళ్లచెరువు వారు ఇందుకు సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. రంగు మారినా, రక్తం కారినా, త్వరగా పెరుగుతున్నా ఆలస్యం చేయకండి.

ఇవి ఎక్కువగా ఉన్నవారిలో షుగరు తరచుగా బయటపడుతుంది. కనుక రక్తపరీక్ష కూడా తప్పక చేయించుకోండి.