దూరం పెరిగింది, టైమ్ తగ్గింది!

ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కితే అదే రోజు ఉదయం 6 గంటలకు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగొచ్చు. రెండు గంటల ప్రయాణం కాదు లెండి! వేసవిలో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. రెండూ కలిపితే పద్నాలుగున్నర. ఇక్కడిదాకా వట్టి కూడికే. అసలు తమాషా దూరంలో ఉంది.

గోడమీది మ్యాప్‌లో ఈ రెండు ఊళ్లనీ స్కేలుతో కలిపి చూడండి. ఆ గీత వెంట పోతే దూరం బాగా ఎక్కువ. అదే గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే, దారం పైకి జరిగి ఆర్కిటిక్ సముద్రం మీదుగా పోతుంది. రెండు ఊళ్ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని నేను లెక్క వేస్తే సుమారు 12,400 కి.మీ. వచ్చింది. గోళం మీద ఇంతకంటే దగ్గర దారి లేదు. దీన్నే గ్రేట్ సర్కిల్ అంటారు.

మరి విమానం ఆ దారినే పోతుందా? పోదు. ఢిల్లీకి ఉత్తరాన హిమాలయాలు, ఆపైన టిబెట్ పీఠభూమి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే 10 వేల అడుగులకి దిగాలి. కింద నేలే అంతకంటే ఎత్తులో ఉంటే ఎక్కడికని దిగుతారు?

ఎయిరిండియా 2015 డిసెంబర్‌లో ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు పడమరగా, అట్లాంటిక్ మీదుగా నడిపింది. దాదాపు 13,900 కి.మీ., పదహారున్నర గంటలు. 2016 అక్టోబర్‌లో తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 15,300 కి.మీ.కి పెరిగింది, టైమ్ పద్నాలుగున్నర గంటలకి తగ్గింది! భాగించి చూడండి. ముందు గంటకి 842 కి.మీ., తర్వాత 1,055. విమానం మాత్రం అదే బోయింగ్ 777. తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం 900కి అటూ ఇటూ. ఆ తేడా చాలావరకు గాలి పుణ్యమే.

సుమారు 10 కి.మీ. ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకి ఏరులా పారుతుంటుంది. ఉష్ణమండలపు వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా దాన్ని పుట్టిస్తే, భూభ్రమణం తూర్పుకి మళ్లిస్తుంది. పడమరకి వెళ్లడమంటే ఏటికి ఎదురీదడమే. "భూమి తిరుగుతోంది కదా, గాల్లో ఆగితే చాలు, అమెరికానే కిందకి వస్తుంది" అని మా హాస్టల్లో ఒకడి సిద్ధాంతం. గాలి కూడా భూమితోపాటే తిరుగుతోంది నాయనా!

మా అక్క ఎమ్మెస్‌కి వెళ్లిన రోజు అమ్మ ఫోన్‌లో విమానం చుక్కనే చూస్తూ కూర్చుంది. "అమెరికా పడమరన కదరా, ఇదేంటి జపాన్ వైపు పోతోంది?" అని ఒకటే కంగారు. ఈ గాలి సంగతి చెప్పాకే కాసేపు నడుం వాల్చింది.

ఆగస్టులో వెళ్లే సీనియర్లకి ఒక్క మాట. టికెట్ మీద గడియారం టైములు కాదు, మొత్తం ప్రయాణ సమయం చూడండి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ క్యూ, సామాన్లు తీసుకోవడం అన్నీ ఉంటాయి. గాలి అనుకూలిస్తుందిలే అని మాత్రం గంటన్నర గ్యాప్‌తో తర్వాతి ఫ్లైట్ బుక్ చేసుకోకండి.