రిపోర్టు బాగుంటే మాత్ర ఆపవచ్చా?

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకు రక్తపరీక్షలో థైరాయిడ్ లోటును చూపే టీఎస్‌హెచ్ స్థాయి అదుపులోకి వస్తుంది, నీరసం తగ్గుతుంది. చాలామంది సరిగ్గా అప్పుడే మాత్ర మానేస్తారు. జబ్బు తగ్గాక మందెందుకన్నది వాళ్ల లెక్క. జ్వరం బిళ్లకైతే ఆ లెక్క సరిపోతుంది. థైరాయిడ్ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ సంగతి వేరు. అది థైరాయిడ్ గ్రంథిని బాగుచేయదు. గ్రంథి తయారుచేయలేకపోతున్న హార్మోనును బయటినుంచి అందిస్తుందంతే. రిపోర్టు బాగుందంటే డోసు సరిపోయిందని. పైగా ఒంట్లో ఈ హార్మోను సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది కాబట్టి, మానేసిన కొత్తలో ఏ తేడా తెలియదు. మానేసినా ఏం కాలేదన్న నమ్మకం అక్కడే బలపడుతుంది.

మందుకు ఒళ్లు అలవాటుపడిపోతుందన్న భయం మరొకటి. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు, థైరాయిడ్ దెబ్బతిని ఒళ్లంతా ఉబ్బిన ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం సూదిమందుగా ఇచ్చాడు. ఆమె తేరుకుని, ఆ చికిత్సతోనే మరో 28 ఏళ్లు బతికింది. అది వ్యసనం కాదు, లోటు తీరడం. నేటి మాత్రలో ఉన్నది మన గ్రంథి చేసే థైరాక్సినే. హషిమోటో వ్యాధిలో సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీస్తుంది. ఆ లోటు సాధారణంగా పూడదు. కాన్పు తర్వాత వచ్చే కొన్ని థైరాయిడ్ సమస్యలు వాటంతటవే సర్దుకుంటాయి, నిజమే. అయితే డోసు తగ్గించి చూడాల్సింది డాక్టరే.

ఈ మాత్రతో ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పుతుంది అన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. డోసు ఎక్కువైతే ఆ రెండు ముప్పులూ ఉన్నాయి. టీఎస్‌హెచ్ కాస్త మాత్రమే పెరిగిన వృద్ధులకు ఈ మాత్రతో నీరసం తగ్గలేదని 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది కూడా. అవసరం లేనివారికి మాత్ర రాయకూడదనడానికి అది గట్టి ఆధారం. అవసరమైనవారు మానేయడానికి కాదు. డోసు మార్చిన 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయించేది డోసు ఎక్కువ కాకుండా చూసుకోవడానికే.

మాత్ర వేసుకుంటున్నా గుణం కనిపించకపోతే ముందు వేసుకునే పద్ధతి చూసుకోవాలి. పరగడుపున మంచినీళ్లతో మింగి, కాఫీకి, టిఫినుకు కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం బిళ్లలకు 4 గంటల ఎడం ఉండాలి. గర్భిణులకు ఈ రెండు బిళ్లలూ రాస్తారు కనుక వాళ్లకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. కడుపులో బిడ్డ మొదటి నెలల్లో తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది. నెల తప్పిందని తెలియగానే మాత్ర మానడం కాదు, డాక్టరును కలవాలి. చాలామందికి అప్పుడు డోసు పెంచాల్సి వస్తుంది.